హీటర్ రాడ్డు పిడికి టీకా తాత్పర్యం

మూలం: 1500 వా. 230 వో. ~

అవతారిక: పుష్యమాసపు చలిలో బక్కెట్టులో రాడ్డు ముంచబోయే గృహస్థుకు పిడి మీద ఈ ఏకపంక్తి కావ్యం దర్శనమిస్తుంది. కవి మితభాషి.

టీక: 1500 వా. = సెకనుకు 1500 జౌళ్ల చొప్పున నీటికి వేడిని ధారపోయునట్టిదియు; 230 వో. = గోడలో అంత వోల్టేజీ ఉన్ననే ఆ మాట నిలుపుకొనునట్టిదియు; ~ = ఏసీ కరెంటు మీద పనిచేయునట్టిదియు (అగు రాడ్డు అని అధ్యాహారం).

తాత్పర్యం: కరెంటుంటే నీళ్లు కాగును.

విశేషాలు: ఇందులో ఆంపియర్లేవి? అవీ అధ్యాహారమే. వాట్లను వోల్టులతో భాగించి చదువరే తెచ్చుకోవాలి: 1500ని 230తో భాగిస్తే 6.52. వోల్టులను మళ్లీ ఈ ఆంపియర్లతో భాగిస్తే నిరోధం 35 ఓముల పైచిలుకు. ఈ రెండో భాగహారానికి సూత్రకారుడు జర్మనీ బడిపంతులు గేఓర్గ్ ఓమ్. ఆయన గ్రంథం 1827 నాటిది. ఫ్యాన్లకూ మోటార్లకూ అయితే పవర్ ఫ్యాక్టర్ కూడా లెక్కలోకి వస్తుంది. రాడ్డుకు ఆ బాధ లేదు.

పిడి వాట్లలో పలికితే, గోడకున్న చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లని పలుకుతుంది. ఆ ఆరింటికి 230 వోల్టుల దగ్గర 1380 వాట్లే హద్దు. ఇద్దరూ సత్యవాదులే, నడుమ భాగహారం చేసే దుబాసీ లేడు. రాడ్డు పిన్నులు లావుగా ఉన్నాయని బజారు నుంచి కన్వర్టర్ తెచ్చి చిన్న ప్లగ్గులో దూర్చడం దుష్టసమాసం. 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు పెట్టించమన్న ఎలక్ట్రీషియన్‌దే సాధు ప్రయోగం.

శంక: ఆంపియర్ల వర్గాన్ని ఓములతో గుణిస్తే వాట్లని ఒక సూత్రం, వోల్టుల వర్గాన్ని ఓములతో భాగిస్తే వాట్లని మరొకటి. ఇంతకీ ఓములు పెరిగితే వేడి పెరుగునా, తరుగునా?

సమాధానం: ఏది మారకుండా ఉందో చూడవలెను. గోడలో వోల్టేజీ మన చేతిలోది కాదు కనుక, రెండు రాడ్లలో ఓములు తక్కువున్నదే ఎక్కువ కాస్తుంది. ఒకే వరుసలో ఉన్నవాటి గుండా మాత్రం పారేది ఒకటే కరెంటు. అక్కడ ఓములెక్కువున్న చోటే కాగుతుంది. ప్లగ్గులో పిన్ను వదులై ఒక్క ఓము అడ్డుపడిందా, ఆ ఇరుకులో నలభై వాట్లు పుడతాయి. ఇరవై అయిదు వాట్ల సోల్డరింగ్ ఐరన్‌కే టంకం కరుగుతుంది. ప్లగ్గు నల్లబడి కమురు కంపు కొట్టడానికి ఇంతకు మించిన వ్యాఖ్యానం అక్కర్లేదు.

పాఠాంతరం: లో వోల్టేజీ ఊళ్లలో సాయంత్రం పూట 230కి బదులు 180 అనే పాఠం కనిపిస్తుంది. నైక్రోమ్ తీగ కాగినా ఓములు పెద్దగా మారవు గానీ, వోల్టులకు వర్గముంది కదా, వాట్లు 919కి జారతాయి. ఇరవై లీటర్ల నీళ్లు ఇరవై అయిదు డిగ్రీలు వేడెక్కడానికి, పక్కకు పోయే వేడి లెక్కించకపోతే, 23 నిమిషాలు చాలేది 38 అవుతుంది. రాడ్డు నకిలీదని కొట్టువాడి మీదికి వెళ్లేవారు ఈ పాఠం చూసినట్టు లేదు.

పఠన నియమం: ప్లగ్గు ఊడదీశాకే నీళ్లలో వేలు పెట్టి చూడవలెను.

ఫలశ్రుతి: ఏ పాఠం పఠించినా మీటరు తిరిగేది 0.58 యూనిట్లే. ఆలస్యానికి అదనపు చార్జీ లేదు.