కన్ను పక్క మార్చిన చేప

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబర్ 11న ఒకే రోజు జిల్లాలయ్యాయి. పంపకాల్లో ఎవరికీ సముద్రం రాలేదు. అయినా చేపల దగ్గర మా పొగరు తక్కువది కాదు. గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు మానుకోట, అంటే మహబూబాబాద్ వాళ్లది. గణపసముద్రం భూపాలపల్లి వాళ్లది. చెరువుకే సముద్రమని పేరు పెట్టుకున్నోళ్లకు ఇంకో సముద్రం దేనికి? ఇక మృగశిర కార్తె వచ్చిందంటే జనగామలో కొర్రమీను దగ్గర జరిగే తోపులాట చూడాలి. రాష్ట్ర చేప కదా, ఆ రోజు ధర కూడా రాష్ట్ర స్థాయిలోనే ఉంటుంది.

అలాంటి మృగశిరకు విశాఖలో ఉద్యోగం చేసే మా బావ థర్మాకోల్ పెట్టె నిండా ఐసు పోసి నాలుక చేపలు తెచ్చాడు. జానెడు పొడవు, అరిగిన చెప్పంత మందం. మా అమ్మ ఒకదాన్ని తోక పట్టి లేపి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏంది అల్లుడా, సగమే తెచ్చిన్రు? ఇంకో సగం రైల్లనే మరిచిన్రా?"

అమ్మ అడిగిందాంట్లో న్యాయం ఉంది. ఒక పక్క మట్టి రంగు, చిన్న చిన్న కండ్లు రెండూ ఆ పక్కనే. తిప్పితే తెల్లగా, బోసిగా ఉంది. మూతి చూస్తే ఎవరి మీదో అలిగినట్టు వంకర.

పుట్టినప్పుడు ఇదీ అన్ని చేపల్లాంటిదేనట. చెరో పక్క చెరో కన్నుతో నిటారుగా ఈదుతుంది. కొన్ని వారాలు గడిచేసరికి కుడి కన్ను మెల్లగా నెత్తి దాటుకుని ఎడమ పక్కకు కాపురం మార్చేస్తుంది. ఇక ఆ కుడి పక్కను నేలకానించి, తీరానికి దగ్గరి ఇసుకలోనో బురదలోనో పడకేస్తుంది. మీద కాస్త ఇసుక కప్పుకుని, కండ్లు మాత్రం బయట పెట్టి, దగ్గరికొచ్చిన పురుగునీ పుట్రనీ నోట వేసుకుంటుంది. ఏ పనీ చేయకుండా బతికే ఈ విద్య చూస్తే నాకు అసూయ వేసింది.

మా పెద్దనాన్నది తెలంగాణ సాయుధ పోరాట అమరుడు దొడ్డి కొమురయ్య పుట్టిన కడవెండి. బావ చెప్పిందంతా విని, "రెండు కండ్లూ ఎడమ దిక్కేనా? అయితే మనోడే" అన్నాడు.

మరీ సంబరపడకు పెద్దనాన్నా, దీని చుట్టాల్లో కండ్లు కుడి పక్కకు పోయినవీ ఉన్నాయి అన్నాడు బావ. మన బంగాళాఖాతంలోనే సెట్టోడెస్ అనే చదును చేప ఉంది. అందులో కొన్ని ఎడమ, కొన్ని కుడి. పైగా ప్రయాణం కట్టిన కన్ను పూర్తిగా అవతలికి పోదు, నెత్తి అంచు మీదే ఆగిపోతుంది. టికెట్ల పంపకం అయ్యేదాకా మా నాయకులు కూర్చునేదీ అక్కడే.

రంగు మార్చడంలో మాత్రం నాయకులకు వీటితో పోటీ లేదు. 1996లో మన మద్రాసు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ బృందం ఇంకో జాతి చదును చేపల కింద చదరంగం గళ్ల లాంటి నమూనాలు పెట్టి చూసింది. 2 నుంచి 8 సెకన్లలో అవి నేలకు తగ్గట్టు ఒంటి మచ్చలు మార్చేశాయి. మా దగ్గర కండువా మార్చాలంటే కనీసం ప్రెస్ మీట్ అయినా పెట్టాలి.

మా అమ్మకు కొత్త గానీ తెలుగు తీరానికి ఇవి పాత చుట్టాలే. రక్తపింజరకు ఇంగ్లీషులో ఎవరి పేరుందో ఆ పాట్రిక్ రస్సెల్, విశాఖ దగ్గర సేకరించిన 200 చేపల మీద 1803లో పుస్తకం వేశాడు. మన జాలర్లు పిలిచే పేర్లనే అందులో రాసుకున్నాడు. చదును చేపలకూ చోటిచ్చాడు.

చివరికి వండాం. తెచ్చుకునేవాళ్లు తోలు ఒలిపించి తెచ్చుకోండి, లేకపోతే సాయంత్రం దాకా దాంతోనే కుస్తీ. వేపుడుకు దీన్ని మించింది లేదు. బొచ్చె, రవ్వుల ముళ్లు ఏరి ఏరి విసిగినవాళ్లకు మరీ సుఖం. పులుసుకు మాత్రం కొర్రమీనే.