‘జర సూడు వదినా’: ఒక మార్జాల వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “వదినా! పిల్లిని ఇంట్ల వెట్టి మూడొద్దులు ఊరికి వోతున్నం, జర సూడు.”

అవతారిక: ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. కాలమూ తెలియదు. దేశం మాత్రం నిశ్చయం, గోదావరిఖని. ఎనిమిదో గని ఇంగ్లీషు పేరు నోళ్లలో నలిగి యైటింక్లైన్ అయిన కాలనీలోనో, గాంధీనగర్‌లోనో, సింగరేణి క్వార్టర్ల వరసలో రెండిళ్లకు ఉమ్మడిగా ఉన్న గోడ మీదుగా, ఒక చేత సంచీ ఇంకో చేత తాళం పట్టుకొని పలికిన వాక్యమిది. సందర్భాలు నాలుగైదు చెప్పుకోవచ్చు. దసరాకు పుట్టింటికి పోవడం, రెండేళ్లకోసారి మేడారం జాతరకు పోవడం, ఎల్‌టీసీ మీద తిరుపతి పోవడం, ఏరియా ఆసుపత్రి వాళ్లు రెఫర్ చేస్తే హైదరాబాదు పోవడం. ఇందులో చివరిది తప్ప అన్నిటికీ తిరిగొచ్చే తేదీ ఉంటుంది. ఆ చివరిదాని సంగతి తర్వాత.

వ్యాఖ్యాతలకు గురువు మల్లినాథసూరి మనవాడే. మెతుకుసీమ కొలిచెలమ, అంటే ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ చేసి కాళిదాసు కావ్యాలకు టీకలు రాశాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని ఈ టీక ఆదిలోనే భంగం చేస్తోంది. కాళిదాసు వాక్యంలో ఉండవలసిందంతా ఉంది. ఈ వదినగారికి చెప్పిన వాక్యంలో ఉండవలసిన ముఖ్యమైన పదం లేదు. లేనిదాన్ని రాయకపోతే పిల్లి చస్తుంది.

ప్రతిపదార్థం: వదినా = అన్న భార్య కాకపోయినా గోడకవతల ఉన్నందువల్ల వదిన అయిన ఆమె. కాలనీల్లో చుట్టరికం రక్తాన్ని బట్టి కాక గోడను బట్టి వస్తుంది. పిల్లిని = మార్జాలమును. మన వ్యాకరణం దీన్ని అమహద్వాచకాల్లో వేసింది, అంటే కుండా బండా పక్కన. (ఏకవచనంలో ఆడవాళ్లనూ అక్కడే కూర్చోబెట్టిన వ్యాకరణం కనుక పిల్లి ప్రత్యేకంగా నొచ్చుకోనవసరం లేదు.) ఇంట్ల = ఇంటి లోపల, తలుపులూ కిటికీలూ మూసిన స్థితిలో. వెట్టి = ఉంచి. బియ్యం డబ్బాలో పెట్టినట్టు, చెంబు గూట్లో పెట్టినట్టు పిల్లిని ఇంట్లో ‘పెట్టడం’ అనే ఈ క్రియలోనే సగం ప్రమాదముంది. పెట్టిన వస్తువు పెట్టినచోట పెట్టినట్టే ఉంటుందని ధ్వని. మూడొద్దులు = మూడు పొద్దులు. పొద్దు అంటే సూర్యుడు, పగలు. రాత్రులు ఈ లెక్కలో లేవు. పైగా మేడారం జాతరే నాలుగు రోజులది. బుధవారం సారలమ్మ గద్దెకొస్తుంది, గురువారం సమ్మక్క వస్తుంది, శనివారం తల్లులు వనప్రవేశం చేస్తారు. రద్దీలో బస్సు దొరికి ఇల్లు చేరేసరికి ఐదో రోజు. కనుక ‘మూడు’ అనేది ఇక్కడ సంఖ్యావాచకం కాదు, ‘త్వరలోనే’ అని లక్ష్యార్థం. ఊరికి వోతున్నం = మనసులో అప్పటికే పోయాం. జర = ఉర్దూ మాట, కొంచెం అని అర్థం. అయితే కొంచెంగా చూడమని కాదు, అడగడానికి మొహమాటపడుతున్నామని. సూడు = చూడుము. ఈ క్రియాపదం గురించే మిగతా టీకంతా.

అన్వయం: ఒక వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ కుదరాలని శాస్త్రం. ‘సూడు’ అనగానే ‘దేన్ని?’ అని ఆకాంక్ష పుడుతుంది. వాక్యంలో దానికి జవాబు లేదు. చెప్పినావిడ ఉద్దేశం పిల్లిని అని. విన్నావిడకు తట్టేది ఇంటిని అని, ఎందుకంటే కాలనీలో ఊరికి పోయేవాళ్లు చూడమనేది ఇంటినే, దొంగల భయంతో. పోనీ పిల్లినే అనుకుందామంటే యోగ్యత కుదరదు. తాళం చెవి సంచీ అడుగున పసుపు కుంకుమల మధ్య మేడారం పోతోంది. తాళం వేసిన ఇంట్లో పిల్లిని వీధిలో నిలబడి చూడమనడం నిప్పుతో తడపమనడం లాంటిదే. వదిన ఏం పాపం చేయలేదు. రోజుకు రెండుసార్లు గేటు దగ్గరికొచ్చి చూసింది, తాళం భద్రంగా ఉంది. వాక్యం ఆమెను ఎంత చూడమన్నదో అంతా చూసింది. వీధి నుంచి కనిపించని చోట నీళ్ల గిన్నె మొదటి రోజే బోర్లాపడింది.

ఇక్కడ పూర్వపక్షం లేస్తుంది. ‘పిల్లి ఒంటరి జంతువు. కుక్కలా మనిషి కోసం కుమిలిపోదు. రోజులో 12 నుంచి 16 గంటలు నిద్రే. మనం ఉన్నా అది మనల్ని పట్టించుకోదు, లేకపోతే ఏం పోయింది?’ ఈ పక్షం పూర్తిగా తప్పు కాదు, అందుకే ప్రమాదకరం. పిల్లి ఒక షిఫ్టుసేపు ఒంటరిగా ఉండగలదు, ఒక పగలూ ఒక రాత్రీ కూడా ఉండగలదు. దాని బెంగ సంగతి కొంత పరిశీలన జరిగింది. 2017లో స్వీడన్‌లో అవే పిల్లుల్ని ఒకసారి అరగంటా, ఇంకోసారి నాలుగు గంటలూ వదిలి పోల్చి చూస్తే, ఎక్కువసేపు వదిలినప్పుడు యజమాని రాగానే ఒళ్లు విరుచుకోవడం, గురగురలాడటం ఎక్కువైంది. 2019లో అమెరికాలోని ఆరిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించిన పిల్లికూనల్లో దాదాపు మూడింట రెండు వంతులు మనిషిని ఆసరాగా చేసుకున్నవే. అయినా బెంగ మన సిద్ధాంతానికి ఆధారం కాదు. దాన్ని పక్కన పెట్టినా వాదం నిలబడుతుంది. పిల్లి పూర్వీకులు ఎడారి అడవిపిల్లులు. అందుకే దీనికి దాహం తక్కువ, మూత్రం చిక్కన. మగపిల్లికి మూత్రనాళం మూసుకుపోతే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. ఏ పిల్లయినా వరసగా కొద్ది రోజులు తిండి మానేస్తే కాలేయంలో కొవ్వు పేరుకొని జబ్బు పడుతుంది, లావుపాటి పిల్లికి ఈ ముప్పు మరీ ఎక్కువ. లెక్క చూడండి: ‘మూడొద్దులు’ అనే మాటా, ఈ జబ్బుల గడువూ ఒకటే. అన్నిటికంటే పెద్ద చిక్కు, జబ్బు చేసిన పిల్లి చెప్పదు, దాస్తుంది. మంచం కిందికో కూలర్ వెనక్కో పోయి ముడుచుకుంటుంది. బ్రిటన్ గనుల్లో 1986 దాకా కనరీ పిట్టల్ని కిందికి తీసుకుపోయేవారు. విషవాయువు తగిలితే ముందు పిట్ట పడిపోతుంది, మనిషి తప్పించుకుంటాడు. పిల్లి కనరీ కాదు. వెతికి చూసేవాడు లేకపోతే దాని సంగతి ఎవరికీ తెలియదు.

సిద్ధాంతం: పిల్లి మీరు లేకుండా ఉండగలదు, ఎవరూ చూడకుండా ఉండలేదు. ఈ తేడా తెలుసుకోవడానికి శాస్త్రాలు తిరగేయనక్కరలేదు, ఈ ఊరివాళ్లు బతికేదే దానిమీద. బావిలో బొగ్గు తీయని రోజు ఉంటుంది గానీ బావిని ఎవరూ చూడని రోజు ఉండదు. ప్లే డే నాడు, అంటే వారపు సెలవు నాడు, కార్మికుడు ఇంట్లో కోడికూర తింటుంటే పంపు ఆపరేటర్ డ్యూటీలో ఉంటాడు, ఎందుకంటే ఊట నీటికి ఆదివారం తెలియదు. ఫ్యాను తిరుగుతూనే ఉండాలి, ఎందుకంటే గ్యాసుకు పండగ లేదు. షిఫ్టు దిగకముందే సర్దార్ పోయి గాలీ పైకప్పూ చూసొచ్చి పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. నిన్న బాగానే ఉందన్న మాట ఈరోజుకు చెల్లదు. బొగ్గు బావికి ఇచ్చిన ఈ మర్యాదలో నూరో వంతు పిల్లికి ఇమ్మని మాత్రమే ఈ టీకాకారుడి ప్రార్థన. స్వీడన్ ప్రభుత్వం పిల్లిని రోజుకు కనీసం రెండుసార్లు చూడాలని నిబంధనే పెట్టింది. మనం ఒక్కసారితో సరిపెట్టుకుందాం.

రెండో పూర్వపక్షం గిన్నెలది. ‘మూడు రోజుల తిండి ఒకేసారి పెట్టిపోతే?’ మే నెలలో రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటడం వార్త కూడా కాదు. మూసిన క్వార్టర్‌లో ఆ వేడికి పెరుగన్నం మధ్యాహ్నానికే పులిసిపోతుంది, చేప ముక్క సాయంత్రానికి పిల్లి కూడా ముట్టనిదవుతుంది. పొడి గింజల మేత చెడదు గానీ చీమలు ఆ మాట వినవు. పాలు పోసిపోయేవాళ్లకు ఒక మాట. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, మన కథలన్నీ ఆ విషయంలో పొరబడ్డవే. తెనాలి రామకృష్ణుడి పిల్లి ఒక్కటే పాలగిన్నె చూసి పారిపోయింది, అదీ మూతి కాలడం వల్ల. ఆ కథలో గమనించవలసింది వేరే ఉంది. రాయలవారు పిల్లుల్ని పంచిపెట్టి గడువు తీరాక చూశారు. నడుమ ఎవరూ చూడలేదు గనుకనే పిల్లి ఎండిపోయింది. ‘అయితే కెమెరా పెడతాం, గడియారం ప్రకారం మేత రాల్చే మిషను పెడతాం’ అంటారు ఈ కాలపువాళ్లు. పెట్టండి. మిషను మేత రాలుస్తుంది, తిన్నదో లేదో అడగదు. కెమెరా బోర్లాపడిన గిన్నెను చక్కగా చూపిస్తుంది, తిరగేసి నీళ్లు పోయదు. జాతర జనంలో సిగ్నల్ దొరికి ఆ బొమ్మ మీరు చూసినా, చివరికి ఫోన్ చేయవలసింది వదినకే. ఆమె దగ్గర తాళం చెవి లేదు.

వెంట తీసుకుపోతామనే పక్షానికి పిల్లిని చంకన పెట్టుకొని పెళ్లికి పోవడమనే సామెతే జవాబు. పిల్లి పట్టు ఎక్కువగా చోటు మీద. కొత్త ఊళ్లో సంచీ లోంచి జారిపడిందంటే దొరకడం కష్టం. ‘మాది సగం ఇంటి పిల్లి, సగం వాడ పిల్లి, నాలుగిళ్లు తిరిగి తింటుంది’ అనేవాళ్లది ఇక్కడ బలమైన వాదమే. క్వార్టర్లలో ఎక్కువ పిల్లులు అలాంటివే. అలాంటిదాన్ని లోపల పెట్టకండి, అంతే. దాని నాలుగిళ్లు దానికి వదిలేసి, గోడ నీడన నీళ్ల మట్టిగిన్నె ఒకటి పెట్టించండి. ఘోరం జరిగేది ఈ పిల్లికే. తాళం వేసే హడావుడిలో తెరిచిన బీరువాలోకో స్నానాలగదిలోకో దూరి నిద్రపోతుంది. ఇల్లు దాటే ముందు పిల్లిని కళ్లారా లెక్కపెట్టుకోవాలి, బావిలోంచి పైకొచ్చిన టోపీ దీపాల్ని ల్యాంపు రూములో లెక్కపెట్టినట్టు. చట్టం మాటేమిటంటే, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షను ప్రకారం పెంపుడు జంతువుకు చాలినంత తిండీ నీళ్లూ నీడా ఇవ్వకపోవడం నేరమే. మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. కనుక చట్ట భయం వల్ల పిల్లిని చూడమని ఈ టీక ఎవరికీ చెప్పదు.

ఆఖరి పూర్వపక్షమే నిజానికి అందరి మనసులోదీ. ‘మనిషికంటే అడగొచ్చు గానీ పిల్లి కోసం ఒకరిని ఇబ్బంది పెడతామా?’ ‘జర’ అన్న మాట పుట్టింది ఈ మొహమాటంలోంచే. తాళం చెవి సంచీలోనే ఉండిపోయిందీ దీనివల్లే. వేరే ఊళ్లో అయితే ఈ వాదం కొంత నిలుస్తుందేమో, అక్కడ అందరూ పొద్దున ఒకేసారి పోయి సాయంత్రం ఒకేసారి వస్తారు. గోదావరిఖని మూడు షిఫ్టుల ఊరు. ఫస్ట్ షిఫ్టాయన మధ్యాహ్నం తర్వాత ఇంట్లో ఉంటాడు, సెకండ్ షిఫ్టాయన పొద్దున ఉంటాడు, నైట్ షిఫ్టాయన పగలంతా ఉండి కాస్త కునుకు తీస్తాడు. పదిళ్ల వరసలో ఏ గంటకూ మెలకువగా ఒక మనిషి లేని గంట ఉండదు. పైగా పని ఎంతసేపు? తలుపు తీసి, పాత నీళ్లు పారబోసి కొత్తవి పోసి, మేత వేసి, ఇసుక తొట్టి చూసి, పిల్లిని కళ్లతో చూసి రావడానికి పది నిమిషాలు. తొట్టిలో తడి లేకపోతే ఆ సంగతి వెంటనే ఫోన్ చేసి చెప్పాలి, మగపిల్లయితే మరీను. రేపు వదిన పెద్దపల్లి పోతే ఆమె తులసికి నీళ్లు వీళ్లు పోస్తారు. రెఫరల్ మీద హైదరాబాదు పోయినవాళ్లకు మూడొద్దులా ముప్పై ఒద్దులా తెలియదు కనుక వాళ్లు ఒక్క వదినకు కాక ఇద్దరికి చెప్పిపోవాలి.

పాఠశుద్ధి: పై కారణాల వల్ల మూలం లోపభూయిష్ఠమని తేలింది. ‘సూడు’కు కర్మనూ, చూసేందుకు కరణాన్నీ అధ్యాహారం చేసుకొని పాఠాన్ని ఇలా దిద్దుకోవాలి: “వదినా! ఇగో తాళం చెవి. పిల్లిని ఇంట్ల వెట్టి ఊరికి వోతున్నం, ఐదొద్దులైతది. దినాం ఒకసారి లోపలికి వోయి పిల్లిని సూడు.” ‘జర’ ఉంచినా తీసేసినా అర్థభేదం లేదు. తాళం చెవి మాత్రం బస్సెక్కే ముందు చేతికివ్వండి.