పని లేని జనరేటర్

మా అపార్ట్‌మెంట్‌లో జనరేటర్‌కి జరిగే మర్యాద సెక్రటరీ గారికి కూడా జరగదు. దసరాకి పసుపు బొట్లు, బంతిపూల దండ, ముందర గుమ్మడికాయ. డిప్‌స్టిక్ బయటికి లాగి ఆయిల్ ఎంతుందో చూసే భక్తుడు మాత్రం ఒక్కడూ లేడు.

అది 125 కేవీఏది. అంటే 100 కిలోవాట్లు లాగగలదు. ఫ్లాట్లు అమ్మేటప్పుడు బిల్డర్ ఈ ముక్క రొమ్ము విరుచుకుని చెప్పాడు. అంతటి దానితో మేం నడిపేది లిఫ్టు, మెట్ల దగ్గర దీపాలు, ఇంటికో ఫ్యానూ రెండు లైట్లూ. ఏసీ వేస్తే జరిమానా అని తీర్మానం, డీజిల్ పొదుపట! పైగా శనివారం శనివారం వాచ్‌మన్ చేత లోడ్ లేకుండా పది నిమిషాలు తిప్పించి ఆపించేవారు. మనకి వాకింగ్ ఎలాగో దానికిది అలాగని సెక్రటరీ గారి సిద్ధాంతం.

ఇంత అపురూపంగా చూసుకుంటే సైలెన్సర్ అతుకుల్లోంచి నల్లగా, జిగురుగా ఏదో కారడం మొదలెట్టింది. మెకానిక్ వచ్చి వేలితో తీసి వాసన చూశాడు. ప్యాంటుకే తుడుచుకున్నాడు.

"దీనికి పని లేకే ఈ రోగం సార్."

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. కనీసం 30 శాతం లోడైనా లేకపోతే లోపల చాలినంత వేడి ఉండదు. సగం కాలిన డీజిల్ మసితో కలిసి ఇంజెక్టర్ల మొనలకి పట్టేస్తుంది, మిగిలింది సైలెన్సర్ దారి పడుతుంది. శనివారం వాకింగ్ ఆ రోగాన్ని పెంచి పోషించిందన్నమాట.

"ఇవాళ అందరూ ఏసీలు, గీజర్లు వెయ్యండి. నేను పక్కనే ఉండి లోడ్ మెల్లగా 70 శాతం దాటిస్తా, కొన్ని గంటలు నడవాలి. ఆపేముందు లోడ్ తీసేసి ఐదు నిమిషాలు తిరగనివ్వాలి, టర్బో చల్లారాలి కదా!"

నాలుగో అంతస్తులో ఒకాయన కరెంటు పోయినప్పుడల్లా దొంగచాటుగా ఏసీ వేసుకుని, దొరికిపోయి, జరిమానా కట్టాడు. ఇంజన్ ఇన్నాళ్లు బతికిందంటే ఆయన చలవే.

ఇప్పుడు ఆయిల్, ఫిల్టర్లు 250 గంటలకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు మార్చాలని తీర్మానించాం. ట్రయల్ నెలకోసారి, లోడ్‌తోనే. జరిమానా తిరిగిచ్చే అంశం మాత్రం వచ్చే మీటింగ్‌కి వాయిదా పడింది.