మావోడు విమానం సార్!

శంషాబాద్‌లో ఇంజిన్లకు మంచిరోజులొచ్చాయి. 2025 నవంబరు 26న ప్రధానమంత్రిగారు ఢిల్లీలో కూర్చునే, వీడియోలో, జీఎంఆర్ సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో ఫ్రెంచి కంపెనీ సాఫ్రాన్ పెట్టిన విమాన ఇంజిన్ల మరమ్మతు కేంద్రాన్ని ప్రారంభించారు. పెట్టుబడి 1,300 కోట్లు, విస్తీర్ణం 45,000 చదరపు మీటర్లు. ఏడాదికి 300 లీప్ ఇంజిన్ల దాకా విప్పి బిగిస్తారట. ఇదంతా ఎలా సాధ్యమైందో సర్కారు ప్రకటనే సెలవిచ్చింది: 2024 నాటి జీఎస్టీ సంస్కరణలు కూడా ఒక కారణమట. బయటి నుంచి తెప్పించుకునే విమాన విడిభాగం ఏదైనా పన్ను ఐదు శాతమే. అంతకుముందు 5, 12, 18, 28 అంటూ నాలుగు రేట్లుండేవి. పాపం, విమానాలు తికమకపడి ఉంటాయి.

సంతోషమే. ఇంజిను రిపేరుకు సింగపూర్ దాకా మోసుకుపోవడం కంటే ఇక్కడే బాగుచేసుకోవడం మంచిదని ఎవరికి తెలీదు?

అదే సెజ్ గోడకు ఇవతల, ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుకునే నాయన ఒకాయన ఉంటాడు. కొడుకు ఈ ఏడే ఇంజినీరింగ్‌లో చేరాడు. ల్యాప్‌టాప్ లేందే ల్యాబ్‌కు రావద్దన్నారు. షాపులో ధర 50,000, పన్ను 18 శాతం, అంటే 9,000. 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ అంత పెద్ద ప్రక్షాళన చేసింది కదా! పెద్ద టీవీలు, ఏసీలు, డిష్‌వాషర్లు 28 నుంచి 18కి దిగాయి. పెన్సిల్, రబ్బరు, నోటుపుస్తకం, గ్లోబు సున్నాకు చేరాయి. ల్యాప్‌టాప్ మాత్రం ఉన్నచోటే ఉంది. పిల్లవాడి చదువు పెన్సిల్ దగ్గరే ఆగిపోవాలని కౌన్సిల్‌వారి ఆశీర్వాదం కాబోలు.

నాకొక మార్గం తోచింది. ఇంజినీరింగ్ విద్యార్థిని విమానంగా గుర్తిస్తే సరి. అప్పుడు ల్యాప్‌టాప్ విమాన విడిభాగమవుతుంది. 9,000 కాస్తా 2,500 అవుతుంది.

నవ్వకండి, అర్హతలు చూడండి. ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ అని రన్‌వే ఎక్కించాం. ఇంటర్లో ఇంధనం నింపాం, కక్కినా మళ్ళీ నింపాం. ఎప్‌సెట్ ర్యాంకుతో హ్యాంగర్ కేటాయించారు. సబ్జెక్టు పోతే గ్రౌండ్ చేస్తారు, సప్లీ రాసి పాసైతే ఓవర్‌హాల్ అయినట్టు. నాలుగేళ్ళ తర్వాత టేకాఫ్ కూడా శంషాబాద్ నుంచే. అర్ధరాత్రి, రెండు పెద్ద సూట్‌కేసులు, ఆవకాయ సీసాకు మూడు పొరల ప్లాస్టిక్, డల్లాస్ వైపు. ల్యాండింగ్ సంగతి అక్కడి వీసాల వాతావరణం చెప్పాలి. ఇన్ని లక్షణాలున్న వస్తువును విమానం కాదనగలరా?

జీఎస్టీ ఆఫీసులో సంభాషణ ఎలా సాగుతుందో కూడా ఊహించాను.

‘సొంత వాడకానికి కొన్న విమానమైతే 40 శాతం. సొంతానికేనా?’

‘లేదు సార్. ఖర్చొక్కటే మాది. వాడుకునేది కంపెనీవాళ్ళు.’

‘మరి పైలట్ ఎవరు?’

‘పొద్దున ఎనిమిదిన్నర క్లాసులో చూడండి సార్. శరీరం బెంచీ మీదుంటది, లోపల నడిపేటోడే ఉండడు.’

‘అయితే డ్రోన్. డ్రోన్‌కు ఐదు శాతం.’

ఎటు తిరిగినా ఐదే! డ్రోన్లన్నిటినీ ఐదులోకి దించింది కూడా సెప్టెంబరులోనే. కౌన్సిల్‌కు తెలియకుండానే మావాడికి దారి వేసిపెట్టింది.

విమానమయ్యాక విడిభాగం ఎంపిక కూడా పద్ధతిగా జరగాలి. పక్కింటి అన్న మాట విని, కీబోర్డు కింద రంగుల దీపాలు వెలిగే గేమింగ్ మిషన్ కొంటే రెండున్నర కిలోలు, ఇటుకంత ఛార్జరు అదనం. ఆరాంఘర్ నుంచి నిలబడి వచ్చే ఆర్టీసీ బస్సులో అది అధిక లగేజీ. పైగా బ్యాటరీ మధ్యాహ్నానికే దిగిపోతుంది, క్లాసులో ప్లగ్గు పాయింటు లెక్చరర్ బల్ల దగ్గర తప్ప కనబడదు. మెకానికల్, సివిల్ పిల్లలు త్రీడీ డిజైన్ చేస్తారు గనక వాళ్ళకు గ్రాఫిక్స్ కార్డు కావాలి. సీఎస్‌ఈలో మొదటి ఏడు రాసేది సీ ప్రోగ్రాములు, వాటికి మామూలు మిషన్ చాలు. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉండాలి. అసలు చూడాల్సింది ర్యామ్. నాలుగేళ్ళు నడవాలంటే 16 జీబీ తీసుకోవాలి. పలుచటి మోడళ్ళు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకుందామంటే కుదరదు. ఎనిమిది దగ్గర ఆగిపోయిన నాయన పదహారు దాకా వెళ్ళాలంటే ఏది కలిసిరావాలి? ఆ పన్ను తేడా, 6,500 రూపాయలే.

ఇక్కడ నాకు నవ్వు ఆగిపోతోంది.

సెజ్ గోడ లోపలి కంపెనీ తన పనికి అదే ల్యాప్‌టాప్ కొనుక్కుంటే జీఎస్టీ సున్నా. గోడ బయటి కంపెనీ 18 శాతం కట్టినా, తాను కట్టాల్సిన పన్నులో మినహాయించుకుంటుంది. విదేశం నుంచి దిగిన పెద్దమనిషి సంచీలో ఒక ల్యాప్‌టాప్ తెచ్చుకుంటే కస్టమ్స్ సుంకం ఉండదు. ఆ పెద్దమనిషిని, ఆ సంచీని డిక్కీలో పెట్టుకుని, ఇంటి దగ్గర దింపి వచ్చే క్యాబ్ డ్రైవర్ మాత్రం కొడుకు మిషన్‌కు పూర్తి పన్ను కట్టాలి. రూపాయి తిరిగి రాదు. ఎందుకంటే ఆయనకు జీఎస్టీ నంబరు లేదు, కౌన్సిల్ ముందు వినతిపత్రం పెట్టే చార్టర్డ్ అకౌంటెంటూ లేడు. ఎయిర్‌పోర్టుకు 5,500 ఎకరాలు ఇచ్చిన మండలాల్లో, ఆ రన్‌వే చప్పుడులో చదువుకున్న పిల్లల బిల్లు మీద పన్ను వేసేటప్పుడు ఎవరి చెయ్యీ వణకలేదు.

2035 నాటికి సాఫ్రాన్ కేంద్రంలో వెయ్యి మందికి పైగా ఇంజినీర్లు, టెక్నీషియన్లు పనిచేస్తారని సర్కారువారే ప్రకటించారు. వాళ్ళేమీ ఫ్రాన్స్ నుంచి విడిభాగాల పెట్టెల్లో రారు. ఇప్పుడు తొమ్మిదిలో, పదిలో, ఇంజినీరింగ్ మొదటి ఏట్లో ఉన్నారు. ఇంజిను బోల్టు కోసం నాలుగు రేట్లను ఒక్కటి చేయగలిగారు కదా. కాలేజీ అడ్మిషన్ నంబరు బిల్లు మీద వేయించుకుని, ఒక విద్యార్థికి ఒక్క మిషన్ మీద తీసుకున్న పన్ను ఖాతాలో తిరిగి వెయ్యడానికి ఇంకెన్ని సమావేశాలు కావాలి?