దినమునకొక నిమిషము

భారత వైద్య మండలి 2002లో వెలువరించిన వృత్తిధర్మ నిబంధనలలో, వైద్యుడైనవాడు ఐదేండ్లకు ముప్పది గంటలు వృత్తివిద్యాసభలలో పాల్గొనవలెనని యొక వాక్యము గలదు. లెక్కకట్టి చూడగా నిది దినమునకొక నిమిషమునకు రవంత తక్కువయే తేలినది. నంద్యాల చెంత మహానందీశ్వరుని దర్శించివచ్చినవానికి గుడిముంగిట చెప్పులు వెదకుకొనుటకే యింతకన్న నెక్కువ కాలము పట్టును గదా!

అచ్చటి కోనేటి మహిమ పాఠకులెఱిగినదే. నల్లమల పాదమున ఊట యెడతెగక పుట్టుచుండును, పుట్టినదంతయు పొలములకు సాగిపోవుచుండును, కావుననే నీటిమట్టము మారదు. మన వైద్యుల విద్యామట్టమును మారదు. వచ్చునదియు లేదు, పోవునదియు లేదు, అంతియే భేదము.

ముప్పది గంటలు గడచు విధానము మాత్రము కడు మనోహరము. చలువహోటలు, ద్వారమున సంతకముల పుస్తకము, తెరపై బొమ్మలు, వెనుక వరుసలలో యోగనిద్ర, వెలుపల మందుల కంపెనీల బల్లలు, ఆపై బిరియాని. హాజరునకు జమకట్టు క్రెడిట్ అవర్లు కుర్చీని బట్టి వచ్చునే గాని తలను బట్టి రావు. కంపెనీల యాతిథ్యమును మండలివారు 2009 డిసెంబరులోనే నిషేధించిరి. ఆ కంపెనీలు పోషించు సభలకు పోనేకూడదని, ఆ మండలి స్థానమున వచ్చిన జాతీయ వైద్య కమిషను 2023 ఆగస్టు 2న శాసించి, వైద్యసంఘముల యాక్రోశము చెవినిబడగా, మూడు వారములకే ఆ నిబంధనలనన్నిటిని అటక యెక్కించెను.

ఇంతలో మహానంది అరటితోటలో నీరు కట్టుచున్న రైతును రక్తపింజరి కఱచినదనుకొందము. కాటుపైని త్రాడు బిగించుట విద్యార్థిదశలో నేర్చిన వైద్యుడు, బిగింపరాదని శాస్త్రము మార్చుకొన్న పిమ్మటను, బిగించుచునే యుండును. విషము నెత్తురును చెఱచినదో లేదో తెలియుటకు పొడి గాజుగొట్టమున రక్తము పోసి, ఇరువది నిమిషములు కదల్పకుంచి, గడ్డకట్టినదా యని చూడవలెను. ఇరువది నిమిషములనగా మన లెక్కలో ఇరువది దినముల విద్య! కాటుపడినది పసివాడైనచో విరుగుడు సూదిమందును తగ్గించి యిచ్చు దయార్ద్రహృదయులును గలరు. పిల్లవాడు గదా యని పాము విషమును తగ్గించి కఱవదు గనుక, మోతాదు పెద్దలకెంతో పిల్లలకు నంతే యని యెవరైన వారి చెవిని వేయవలసియున్నది.

అందుకు నాకొక యోచన తోచినది. కర్నూలున 1957 నాటి వైద్య కళాశాల యున్నది, నంద్యాలలో 2023లో మఱియొకటి వెలసినది. బోధకులకొఱకు దూరము పోనక్కఱలేదు. సభను హోటలునుండి యేదేని పల్లె ఆస్పత్రి వరండాకు దింపి, డజను గాజుగొట్టములును గోడగడియారమును తెప్పించి, ఒక్కొక్క వైద్యుని పిలిచి పరీక్ష చేసి చూపుమని, పసివాని మోతాదు చెప్పుమని యడిగి, చెప్పినవారికే క్రెడిట్లిచ్చి, తక్కినవారిని మరుసటి నెల రమ్మనవలెను. ఇట్టి సభలు నడపుటలో చేయితిరిగిన యొక పెద్దమనిషికి దీనిని విన్నవింపగా, ఆయన సావధానముగ నాలకించి, మెచ్చుకోలుగ తలయూచి, "అంతా బాగానే ఉందండీ, స్పాన్సరెవరు?" అనిరి.