వి ఫర్ వాడపల్లి

మళ్లీ వచ్చింది. స్క్రీన్ కుడిచేతి కింది మూల నుంచి, ఎర్రగా, కిస్తీ కట్టనివాడి వాకిట్లోకి వచ్చిన ఫైనాన్స్ కుర్రాడిలా మెల్లగా లేచి నిలబడింది. ‘మీ రక్షణ గడువు ముగిసింది. మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది.’ ఇవాళ్టికి పదకొండో రోజు. డబ్బా చివర ఇంటూ గుర్తు ఉంది గానీ ఆవగింజంత. దాన్ని పట్టుకోబోతే బాణం జారి, అరచెయ్యంత ఉన్న ‘ఇప్పుడే రెన్యూవల్ చేయండి’ మీద పడుతుంది. ఇంకేం, ధరల పట్టీ తెరుచుకుంటుంది. ఒక ధర మీద అడ్డగీత, పక్కన ఇంకో ధర, దాని కింద పరుగెత్తే గడియారం. ఇంకో పద్నాలుగు నిమిషాల్లో ఈ తగ్గింపు పోతుందట. పదకొండు రోజులుగా పద్నాలుగు నిమిషాలే మిగిలి ఉన్నాయి.

ఈ పదకొండు రోజుల్లో వైరస్ అనేది నా గుమ్మం తొక్కలేదు. తొక్కిందల్లా కాపలావాడే.

తప్పు నాదే. మూడేళ్ల కింద సూర్యాపేటలో కంప్యూటర్ షాపుకు పోయి ఒక యాంటీవైరస్ ఇవ్వమన్నాను. షాపాయన నన్ను ఎగాదిగా చూసి, ‘ఒక్కరికి తీసుకుంటే దండుగ సార్, ముగ్గురికి కలిపి తీసుకోండి, తలకు సగం ధర పడుతది’ అన్నాడు. సగం ధర అన్న మాట వినిపించాక ఆగిన మధ్యతరగతి మనిషి నాకింతవరకు తగల్లేదు. కోదాడలో మా బావమరిదికి ఫోన్ చేశాను, మిర్యాలగూడలో రైస్‌మిల్లు లెక్కలు రాసే మా మేనల్లుడికి చేశాను. రెండు గుంటల భూమి పంచుకోవడానికి ఇరవై ఏళ్లు కోర్టుకు తిరిగిన చుట్టరికాలు మావి. అలాంటిది యాంటీవైరస్‌ను ఒక్క సాయంత్రంలో పంచేసుకున్నాం. 2016 అక్టోబర్ 11న నల్లగొండ జిల్లాను విడదీసినప్పుడు సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాకు వచ్చాయి, మిర్యాలగూడ పాత జిల్లాలోనే ఉండిపోయింది. సర్కారు విడదీసినవాళ్లను అట్టడబ్బా కలిపింది కదా అని ఆ రోజు కొంచెం గర్వపడ్డాను కూడా.

డబ్బా విప్పితే లోపల ఒక సీడీ, ఒక కార్డు. నా కంప్యూటర్‌కు సీడీ పెట్టే నోరే లేదు. కార్డు మీద పాతకాలం రీఛార్జి కూపన్‌లా వెండి పూత. రూపాయి బిళ్లతో గీకితే కింద ఇరవై అక్షరాల కీ. ఆ ఇరవై అక్షరాలూ మూడు ఊళ్లకు చేరాలి.

ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే పోలా అంటారు. పంపాను. నా గీకుడుకు సగం అక్షరాలకు చర్మం లేచిపోయింది. ‘మామా, ఇది ఎనిమిదా, బీనా, కనపడతలేదు’ అని మేనల్లుడి ఫోను. ఇక నోటితో చెప్పక తప్పలేదు. ఇంగ్లీషు అక్షరాలు ఫోన్‌లో ఎలా వినిపిస్తాయో మీకూ తెలుసు. బి, డి, ఇ, జి, పి, టి, వి, అన్నీ ఒక్క తల్లి పిల్లలు. మన క, గ, చ, జలకు ఈ దరిద్రం లేదు. చెవిటివాడికి చెప్పినా క అంటే కే. కానీ ఏ యాంటీవైరస్ కంపెనీ అయినా తెలుగులో కీ ఇచ్చిందా? ఇవ్వదు.

ఏ ఫర్ ఆపిల్, బి ఫర్ బాల్‌తో మొదలుపెట్టాను. ‘చిన్నపిల్లోళ్లకు చెప్పినట్టు చెప్తవేంది బావా’ అని బావమరిది నొచ్చుకున్నాడు. అందుకని ఊళ్లు ఎత్తుకున్నాను. ఊళ్లయితే ముగ్గురికీ తెలుసు, ముగ్గురం ఆ బస్సులే ఎక్కాం. కాన్ఫరెన్స్ కాల్ పెట్టి, డబుల్ బెల్లు కొట్టిన కండక్టర్‌లా బయల్దేరాను. ఎస్ ఫర్ సూర్యాపేట. ఎం ఫర్ మునగాల. ‘మిర్యాలగూడ అనొచ్చు కద మామా’ అని అటునుంచి అలక. కె ఫర్ కోదాడ. ఇటునుంచి సంతోషం. హెచ్ ఫర్ హుజూర్‌నగర్, జి ఫర్ గరిడేపల్లి, ఎన్ ఫర్ నేరేడుచర్ల. బండి బాగానే పోతోంది. మధ్యలో 4, 7, 4 అంటే పల్లెలు లేని రోడ్డు కాబట్టి ఆగకుండా దాటేశాం.

ఎఫ్ దగ్గర టైరు పేలింది. ఎఫ్‌తో మా వైపు ఊరేది? తెగ ఆలోచించి, ‘ఎఫ్ ఫర్ ఫణిగిరి’ అన్నాను. ఫణిగిరి మా జిల్లాలోనే, నాగారం మండలంలో, కొండ మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం. అక్కడి శిల్పాన్ని 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. ఇంత పేరున్న ఊరు, ఎవడు తప్పు రాస్తాడు? మేనల్లుడు రాశాడు. వాడికి ఆ ఊరి బోర్డు బాగా గుర్తుంది. బోర్డు మీద ఫణిగిరి పి హెచ్‌తో ఉంటుంది. వాడు పి రాసుకున్నాడు.

తర్వాత ఎక్స్. ఎక్స్‌తో భూమ్మీద ఊరు లేదు, కనీసం ఆర్టీసీ పోయే ఊరు లేదు. ‘ఎక్స్ ఫర్ ఎక్స్‌ప్రెస్’ అన్నాను. బావమరిది ఇ రాసుకున్నాడు. ఆ తప్పు వాడిది కాదని తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఎక్స్‌ప్రెస్‌కు మొదటి అక్షరం ఇ యే కదా.

చివరిది వి. ఇందులో తిరకాసు లేదనుకున్నాను. ‘వి ఫర్ వాడపల్లి’ అన్నాను, కృష్ణలో మూసీ కలిసే చోటు, శివుడూ నరసింహస్వామీ ఇద్దరూ ఉన్న ఊరు. ‘ఆఁ, రాసుకున్న’ అన్నారు ఇద్దరూ. ఒకరు వి రాశారు, ఒకరు డబ్ల్యూ రాశారు. ఆ ఊరి పేరును ఇంగ్లీషులో కొందరు అలా, కొందరు ఇలా రాస్తారు. తెలుగులో ఒకటే వా. నది ఒడ్డున ఇన్ని వందల ఏళ్లుగా హాయిగా ఉన్న వా.

‘మీరిచ్చిన కీ చెల్లదు’ అంది కోదాడ. ‘మీరిచ్చిన కీ చెల్లదు’ అంది మిర్యాలగూడ. హెల్ప్‌లైన్‌కు చేస్తే, తొమ్మిది నొక్కితే తెలుగు అన్నారు. నొక్కితే నలభై నిమిషాలు వేణువు వాయించి పెట్టేశారు. చివరికి మా బావమరిది నలభై కిలోమీటర్ల పైచిలుకు బస్సెక్కి వచ్చి, కార్డును కళ్లజోడు పెట్టుకుని చూసి, చిట్టీ మీద రాసుకుని, మా ఆవిడ పెట్టిన ఉప్మా తిని, సాయంత్రం బస్సుకు పోయాడు. వాడి మూడో వంతుకు రానూపోనూ చార్జీలు కలిపితే విడిగా కొన్న దానికంటే ఎక్కువే తేలింది. ఆ లెక్క మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ పైకి అనలేదు.

ఇంత కష్టపడి పెట్టుకున్న కాపలావాడు మూడేళ్లలో పట్టుకున్న దొంగ ఒక్కడే. నేను పదేళ్లుగా వాడుతున్న తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్. దాన్ని పట్టుకుని క్వారంటైన్‌లో వేసింది. కరోనాలో మనల్ని పద్నాలుగు రోజులకు వదిలారు. దాన్ని ఇంకా వదల్లేదు.

ఇప్పుడు రెన్యూవల్ వచ్చేసరికి ముగ్గురివీ మూడు దార్లు. మేనల్లుడు కాస్పర్‌స్కీ అంటాడు. అది రష్యావాళ్లది, 2024లో అమెరికా తన దేశంలో అమ్మొద్దని నిషేధించింది. ‘అమెరికాకే భయమైందంటే ఎంత గట్టిదో చూడు మామా’ అని వాడి వాదన. బావమరిది స్వదేశీ. క్విక్ హీల్ అంటాడు. పుణెలో కాలిక్యులేటర్లు రిపేరు చేసుకునే కాట్కర్ అన్నదమ్ముల దుకాణం నుంచి పుట్టింది అది. నాకీ సంగతి నచ్చింది. ఎందుకంటే పీసీలకు పట్టిన తొలి వైరస్‌గా చెప్పే ‘బ్రెయిన్’ను 1986లో లాహోర్‌లో రాసింది కూడా అన్నదమ్ములే, అల్వీ సోదరులు. అందులో తమ పేర్లు, అడ్రసు, ఫోన్ నంబర్లు పెట్టి, మందు కావాలంటే మమ్మల్ని కలవండని రాశారు. రోగమూ అన్నదమ్ములదే, మందూ అన్నదమ్ములదే. లాహోర్ వాళ్లకున్న మర్యాద నాకు వేణువు వినిపించిన వాళ్లకు లేకపోయింది, అదొక్కటే బాధ.

షాపాయన్ని అడిగితే ఆయన చెయ్యి ఏ డబ్బా మీద పడితే అదే మంచిది. మెకాఫీ మాటెత్తబోయాను గానీ, ఆ కంపెనీకి పేరిచ్చిన జాన్ మెకాఫీయే బయటికొచ్చేశాక, 2013లో, ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసేయడం ఎలాగో చెబుతున్నట్టు ఎగతాళి వీడియో పెట్టాడని తెలిసి ఊరుకున్నాను.

పక్కింటి ఇంజనీరింగ్ కుర్రాడైతే అసలేదీ వద్దంటాడు. ‘విండోస్‌లోనే డిఫెండర్ ఉంది కదా అంకుల్, ఫ్రీ.’ ఫ్రీ అన్నాడు కాబట్టి నమ్మబుద్ధి కాలేదు. ఆ డిఫెండర్ మన ఇళ్లలో పెద్దకొడుకు లాంటిది. అన్నేళ్లూ ఇంటిపట్టునే ఉంటుంది. డబ్బు పెట్టి బయటివాణ్ణి తెచ్చి కూర్చోబెట్టగానే ఒక్క మాటనకుండా పక్కకు తప్పుకుంటుంది. బయటివాడి గడువు తీరాక మళ్లీ చీపురు పట్టుకుంటుంది. దాని మీద నాకు జాలి పుట్టే లోపల ఆ కుర్రాడే ఇంకో మాటన్నాడు. ‘కానీ మీది విండోస్ 10 కదా, అక్టోబర్ 14, 2025తో దానికి మామూలు సపోర్టు అయిపోయింది.’ అంటే కాపలావాడికి కాదు, ఇంటికే గడువు తీరిందన్నమాట.

నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండేది ఈ ఎర్ర రంగుకే. 2017 మే నెలలో వనక్రై వచ్చి లోకాన్ని ఊపేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే ఊరికే ఇచ్చింది. వేసుకోనివాళ్లు మునిగారు. ఆ అప్‌డేట్ వేసుకోమని చెప్పడానికి ఎవడూ ఇంత ఎర్రగా లేవడు. కోదాడలో మా బావమరిదికి తెలిసిన పెద్దాయన ఒకాయనకు కిందటేడు వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అని ఒక ఏపీకే ఫైలు వచ్చింది. నొక్కాడు. పొద్దుటికి ఖాతా ఖాళీ. 1930కి ఫోన్ చేయాలని ఆయనకు చెప్పేసరికి సాయంత్రమైంది. ఆ పూట వాళ్లింట్లో కంప్యూటర్ మీద యాంటీవైరస్ పచ్చటి టిక్కు పెట్టుకుని నిశ్చింతగానే కూర్చుంది. వైరస్సేం రాలేదు మరి.

రాత్రి కూర్చుని, అసలు ఈ కంప్యూటర్‌లో దొంగ ఎత్తుకుపోవాల్సిందేముందో చూద్దామని ఫోల్డర్లు తెరిచాను. కరెంటు బిల్లులు. పెళ్లి కార్డులు. ‘న్యూ ఫోల్డర్’లో ఇంకో ‘న్యూ ఫోల్డర్’. చివర ‘నాన్న’ అని ఒకటి.

ఒకసారి ఆయన పాస్‌బుక్కు జిరాక్స్ తీయిద్దామని పెన్‌డ్రైవ్ పట్టుకుపోతే ఏ షాపులోనో షార్ట్‌కట్ వైరస్ అంటుకుంది. ఫోల్డర్లన్నీ మూలన బాణం గుర్తుతో, ఉత్త పెంకులు. ఆయన పోయి అప్పటికి మూడు నెలలు. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే షాపు కుర్రాడు నల్లటి తెర తెరిచి ఒక్క లైను కొట్టాడు. అర నిమిషంలో అన్నీ పైకి తేలాయి. ‘పోలే సార్, దాక్కున్నయ్ అంతే’ అన్నాడు. వంద రూపాయలు తీసుకున్నాడు. ఆ ఫోల్డర్‌కు రెండు కాపీలు చేశాను, కాపలా పెట్టాను, కీ కోసం బావమరిదిని బస్సెక్కించాను. తెరిచి చూడడం మాత్రం ఇదే మళ్లీ.

అందులో పదకొండు సెకన్ల వీడియో ఒకటుంది. పెరట్లో జామచెట్టు కింద నాన్న, చేతులు ప్యాంటు కుట్లకు ఆనించి, రెప్ప వేయకుండా నిలబడ్డాడు. ఫొటో తీస్తున్నాననుకున్నాడు. గాలికి చొక్కా కాలరు కదులుతోంది, ఆయన కదలడం లేదు. పదో సెకనులో పెదవులు మాత్రం కదిలించి, ‘అయిందా?’ అన్నాడు.

సరిగ్గా అప్పుడే కుడి పక్క కింద మూల నుంచి ఎర్ర డబ్బా లేచి, ఆయన చెప్పులకు అడ్డంగా నిలబడింది. పద్నాలుగు నిమిషాలే ఉన్నాయంది. ఈసారి దాని మీద ఇంకో బటన్ కూడా కనిపించింది, ఇన్ని రోజులూ నేను చూడనిది, బూడిద రంగులో, చిన్నగా. ‘తర్వాత గుర్తు చేయి.’

అది నొక్కి, వీడియో మళ్లీ మొదటి నుంచి పెట్టాను.