పురిటి పెద్దమ్మ

విశాఖపట్టణము ఒకవైపు రేవును, ఒకవైపు ఉక్కు కర్మాగారమును పెట్టుకొని మహానగరమైనను, దాని అంచున అలల మోతలో కాపురముండు జాలరిపేటలో ఒక ప్రాచీన పదవి నేటికిని ఖాళీ పడక నిలిచియున్నది. దానికి ప్రభుత్వోత్తర్వు లేదు; జీతము లేదు; పదవీవిరమణ యన్నమాట అంతకన్న లేదు. పేటలో ఏ కోడలు నెల తప్పినను ఆ సంగతి భర్తకంటె ముందుగా గ్రహించుటయు, గ్రహించినది మొదలు బిడ్డ కేరుమను నిమిషము వరకు ఆ కడుపు తన స్వాధీనమందున్నట్లు వ్యవహరించుటయు ఆ పదవికి విధులు. దాని నధిష్ఠించిన యామెను పేటవారు పెద్దమ్మ యందురు. ఎండుచేపల పెద్దమ్మ, చీటీల పెద్దమ్మ వేరుగా నుండుటచే నేనీమెను పురిటి పెద్దమ్మ యనుచున్నాను.

ఈమె మంత్రసాని కాదు. 1923లో కింగు జార్జి ఆసుపత్రి తెరచినది మొదలు ఈ ఊరి మంత్రసానులకు క్రమక్రమముగా పని తగ్గినది. కాగితములమీద విక్టోరియా ఆసుపత్రియై, జనుల నోట ఘోషాసుపత్రిగా నున్న ఆడువారి ఆసుపత్రి మిగిలిన పనిని తీసికొన్నది. పోయినది చేతిపనియే గాని నోటిపని కాదు. మంత్రసాని ఆస్తి పంపకమునకు వచ్చినపుడు బొడ్డు కోయు కత్తెర ఆసుపత్రి వంతునకును, సలహా పెద్దమ్మ వంతునకును వచ్చినవి. ఏ భాగము విలువైనదో పెద్దమ్మ నడిగినచో క్షణమైన ఆలోచింపక చెప్పును.

గర్భమునకు ముందుగా ప్రణాళిక యుండవలెనని వైద్యులు చెప్పుదురు గదా, ఆ ప్రణాళిక పెద్దమ్మ చిరకాలముగా అమలుపరచుచునే యున్నది. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరబోట్లకు వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టుకొను కాలమని ప్రభుత్వము దీనిని విధించినది. ఈ శాసనమునకు పెద్దమ్మ చేయు వ్యాఖ్యానము మరింత విశాలమైనది. తక్కినకాలమున పది పదిహేను దినములు సముద్రముమీదనే గడుపు మగవాడు ఆ రెండు నెలలు ఇంటిపట్టున నుండి వలలు బాగుచేసికొనును గనుక, సంక్రాంతికిని శివరాత్రి దాటిన వారమునకును నడుమ పేటలో ఉయ్యాలలు కట్టవలెనని ఆమె సిద్ధాంతము. నిషేధము ముగిసి బోట్లు కదలిన మరునాటినుండి ఆమె కొత్తకోడండ్ర ముఖముల నొక్కొక్కటిగా పరిశీలించుచు వీధి వెంట నడచును.

ఆమె పరీక్షావిధానము ఏ ప్రయోగశాలకును సాధ్యము కాదు. జాలరిపేటలో ఎండునెత్తళ్ళ వాసన వాయువులో ఒక భాగము. దానికి ముక్కు మూసికొనువారు ఇద్దరే: ఊరు చూడవచ్చిన పరాయివారు, నెల తప్పినవారు. కోడలుపిల్ల పొయ్యిమీది చేపలపులుసు దగ్గర కొంగు ముక్కునకు అడ్డము పెట్టుకొన్నదా, ప్రక్కయింటి గుమ్మమునుండి కంఠము వినబడును: “ఓలమ్మో! ముక్కు మూసుకున్నావేటే? ఎన్నో నెలే?” మందుల అంగడిలో కొనిన పరీక్షాపట్టీ మీద రెండవ గీత తేలునప్పటికి వార్త చేపలరేవు చేరియుండును.

ఇంతటి సామ్రాజ్యమునకు శత్రువు లేకపోలేదు. ఆ శత్రువు ఆమె ఇంటనే యున్నది. పెద్దమ్మ కోడలు పేటకు ఆశా కార్యకర్త. గర్భము ధరింపక మునుపే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము మొదలుపెట్టవలెననియు, బిడ్డ మెదడునకు వెన్నుపామునకు మూలమైన నాళము తొలి నాలుగు వారములలోనే, అనగా తల్లికి తన స్థితి తెలియునో తెలియదో యన్న దశలోనే, మూసికొనుననియు కోడలు ఇల్లిల్లు తిరిగి చెప్పును. నాలుగవ మాసమునుండి ఇనుపమాత్రలు రోజున కొకటి చొప్పున 180 మ్రింగవలెనని లెక్కపెట్టి ఇచ్చును. వెనుకనే అత్తగారు వచ్చి, “అయి మింగితే గుంటడు నల్లగా పుడతాడే!” అని బెదరించిపోవును. సముద్రపుటెండలో తరతరములుగా వేటాడిన వంశమునకు రంగు విషయమై ఇంత బెంగ ఏలనో నాకు తెలియదు. కోడలు మాత్రము వెనుదీయదు: “అత్తా, రగతం లేకపోతే పురుట్లో పేణాలకే ముప్పు. నల్లగా పుడితే పుట్టనీ.” గర్భిణి యిరువురిని మన్నించును: కోడలిచ్చిన మాత్ర నిమ్మనీళ్ళతో మ్రింగి, అత్తగారు తెచ్చిన చలిమిడి పైన తినును.

చలిమిడి యనగా జ్ఞాపకమునకు వచ్చినది. నాలుగవ మాసమున గర్భిణికి రెండు హృదయములుండుననియు, అప్పుడామె కోరినది పెట్టకున్న బిడ్డకు దోషమనియు సుశ్రుతుడు వ్రాసెను. పెద్దమ్మ సుశ్రుతుని ఎరుగదు గాని ఆయన మతమునకు ఇంతకన్న దృఢమైన అనుయాయిని నేను చూడలేదు. పైగా ఆమె లెక్కలో మూడవ హృదయము గూడ కలదు, అది తనది. మామిడికాయ కోరినది గర్భిణియైనను ఉప్పుకారము అద్దుకొని సగము తినునది పెద్దమ్మ. ఏడవ మాసమున సీమంతమునాడు గాజులు గర్భిణి చేతికి, సున్నుండలు పెద్దమ్మ ఒడిలోనికి. బొప్పాయిపండు వద్దనును, గ్రహణమునాడు కత్తిపీట ముట్టనీయదు. పక్కకు తిరిగి పండుకొమ్మని వైద్యురాలు చెప్పిన, “నాను ఎప్పుడో సెప్పినాను” అనును. చెప్పినట్లు సాక్ష్యము దొరకదు.

కడుపులోని బిడ్డ ఆడయో మగయో చెప్పుట 1994 నాటి చట్టము ప్రకారము నేరము; స్కానింగు గదుల గోడలపై ఆ సంగతి పెద్ద అక్షరములతో వ్రాసియుండును. పెద్దమ్మను ఆ చట్టము క్రింద పట్టుకొనుట కష్టము. ఆమె గర్భిణి అత్తగారితో మగబిడ్డయనియు, తల్లితో ఆడుబిడ్డయనియు రహస్యముగా చెప్పును. పుట్టిన పిదప తప్పు తేలినవారి యింటికి పది దినములు పోదు.

ప్రసవదినము నిర్ణయించుటలో ఆమెకును వైద్యశాస్త్రమునకును చిరకాల వైరము. కడపటి ముట్టు మొదటి దినమునకు ఏడు దినములు కలిపి మూడు నెలలు వెనుకకు లెక్కించు సూత్రము జర్మనీ వైద్యుడు నేగెలె పేర ప్రసిద్ధమైనది. అది 280 దినముల లెక్క. కాని సరిగా ఆ తేదీనాడు భూమిమీద పడు శిశువులు నూటికి నలుగురైదుగురు మాత్రమే. ఈ బలహీనతను పెద్దమ్మ చక్కగా కనిపెట్టినది. ఆమె తేదీ చెప్పదు. “అమాస పోటుకి గాని, పున్నమి పోటుకి గాని” అనును. నెలకు రెండు పోట్లు, ఒక్కొక్కదానికి ముందు మూడు దినములు వెనుక మూడు దినములు సడలింపు. ఇట్టి జోస్యమును తప్పించుకొని పుట్టుటకు శిశువునకు మిగిలిన సందు సగము నెలయే.

ఇక నొప్పులు మొదలైనపుడు ఆమెను చూడవలెను. భర్త నడిసముద్రమున నుండును. బోటు సిగ్నలు అందు మేరకు వచ్చువరకు తాను తండ్రియైన సంగతి అతనికి తెలియదు. కోడలు 108కు ఫోను చేయుచుండగా పెద్దమ్మ గంగమ్మతల్లికి కోడిని మ్రొక్కి, పాతచీరలు మూటకట్టి, దారికడ్డముగా నున్న వలలను లాగివేయించి, “బేగి రండ్రా!” అని వీధినంతను హడలెత్తించును. నాలుక మీద మూఢవిశ్వాసములెన్ని యున్నను, ఆ గడియలో ఇంటియందే పురుడు పోయుదమని ఆమె ఏనాడును అనలేదు. అన్నవారిని బూతులు తిట్టినది. ఆసుపత్రి గుమ్మమున ఆయా ఆపినచో తగవు పెట్టుకొనును, లోని కేక వినగానే ఆయాను కౌగలించుకొనును.

మరునాడు ఆమె గంపలో పాలసొర వచ్చును. సొర తిన్న బాలింతకు పాలు సమృద్ధిగా పడునని ఈ తీరవాసుల విశ్వాసము. సొరవంటి పెద్దచేపలలో పాదరసము పోగుపడుననియు, గర్భిణులును పాలిచ్చు తల్లులును వాటిని మానుట మేలనియు, నెత్తళ్ళవంటి చిన్నచేపలు మంచివనియు వైద్యుల మాట. కోడలు ఆ మాట చెప్పును. అత్తగారు సొరను వెనుకకు తీసికొనిపోయి, పుట్టు వండి, ఇంటిలో తానే తినును.

కనుక జాలరిపేట దంపతులారా, ఫోలిక్ మాత్ర ముందే మొదలుపెట్టుడు, ఇనుపమాత్ర మానకుడు, నొప్పులు రాగానే 108కు ఫోను చేయుడు. పెద్దమ్మకు కబురు పంప నక్కరలేదు. బండి వచ్చునప్పటికి ఆమె ముందుసీటు పట్టుకొనుటకు సందు చివర నిలిచియుండును.